క్లాంగ్‌లో గోంగూర

మేం వెళ్లినప్పుడు విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం ఉండేది. మనవాళ్లకి అప్పుడు 30 రోజుల వరకు వీసా అక్కర్లేకపోయింది. ఇద్దరికీ రానూపోనూ 33,800 రూపాయలు అయింది. ఇంత సులువైన ప్రయాణంలో కూడా నేను ఇల్లు కదలకముందే మోసపోయాను. మలేషియాలో దిగేముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. పైసా కట్టక్కర్లేదు. నేనేమో గూగుల్‌లో పైన కనబడిన సైటు తెరిచి తలకి 1,850 చొప్పున కట్టేశాను. "అయ్యో అక్కా, అది గవర్నమెంటుది కాదు, నన్నడగొచ్చు కదా" అంది మా మిద్దెతోట గ్రూపులోని మలేషియా చెల్లి.

"ఆ అమ్మాయి కూడా అలాంటి సైటే అయితే?" అన్నారు మా ఆయన. నాలుగేళ్లుగా రోజూ మాట్లాడుకుంటున్నాం, కానీ మొహం చూసింది ఫోటోల్లోనే. తనకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మెసేజీలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే. గోంగూర విత్తనాలు తెస్తానంటే, పర్మిట్ లేకుండా విత్తనాలు తేకూడదని గట్టిగా చెప్పింది. అందుకని పొందూరు ఖద్దరు తువ్వాళ్లు రెండు, ఆవకాయ సీసా ఒకటి సర్దాను.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎక్స్‌ప్రెస్ రైలు తలకి 55 రింగిట్. బస్సుకి అందులో మూడో వంతు కూడా అవదు. మేం బస్సే ఎక్కాం. రింగిట్ అప్పుడు 20 రూపాయలు.

కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో తీసుకున్న లాడ్జి గురించి మాత్రం చెప్పుకోవాలి. మూడు రాత్రులకి 9,600. "కిటికీ ఉన్న గది" అని రాసి ఉంటే నమ్మాను. కిటికీ ఉంది, అబద్ధం కాదు. పరదా తీస్తే వరండా, ఆ వరండాలో పక్కగది వాళ్ల చెప్పులు. ఏసీ నీళ్లు కారి మంచం కాలు దగ్గర తువ్వాలు పరవాల్సి వచ్చింది (పొందూరుది కాదు!). దీనికి తోడు కౌంటరులో టూరిజం టాక్స్ 60 రింగిట్ కట్టమన్నాడు. విదేశీయులకి రాత్రికి 10 రింగిట్, అదీ గదికే కానీ మనిషికి కాదు. నేను ఇంగ్లిష్‌లో ఎంత వాదించినా అతను నవ్వుతూ కాలిక్యులేటర్ చూపిస్తాడే తప్ప మాట వినడు.

సరిగ్గా అప్పుడే వచ్చింది చెల్లి. ఫోటోల్లో కన్నా పొట్టి, గొంతు మాత్రం ఫోన్లో కన్నా పెద్దది. నన్ను పలకరించకుండానే నేరుగా కౌంటరుకి వెళ్లి మలయ్‌లో రెండు నిమిషాలు దులిపింది. అతను నోరు మూసుకుని 30 కే రసీదు ఇచ్చాడు. తర్వాత నావైపు తిరిగి "ఏటక్కా, ఇంత సన్నంగా ఉన్నావు!" అంది. అక్కడితో మా ఆయన మూతి ముడుపు సగం విడింది.

మర్నాడు మురుగన్ గుడి ఉన్న బతు గుహలు. 272 మెట్లు, మోకాళ్లు, కోతులు, అంతే.

ఆ సాయంత్రం అదే గ్రూపులోని ఇంకో తమ్ముణ్ణి జంట టవర్ల దగ్గర కలిశాం. ఆన్‌లైన్‌లో నోరు తెరిస్తే "అక్కా, అక్కా" అనేవాడు. కాఫీ రాకముందే బ్యాగులోంచి ఆరోగ్యం పొడి డబ్బాలు తీసి, "విశాఖలో పదిమందిని చేర్పిస్తే చాలక్కా" అన్నాడు. కాఫీలు 38 రింగిట్, ఆ బిల్లూ మేమే కట్టాం. కొత్తవాళ్లని కలిసేటప్పుడు మొదట తక్కువ ఖర్చయ్యే చోటే కలవండి.

మూడో రోజు చెల్లి వాళ్లింటికి, కౌలాలంపూర్ దగ్గరే ఉన్న క్లాంగ్‌కి వెళ్లాం. వాళ్ల నాన్నగారికి 78. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్‌లోని బగాన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పనికి వచ్చారట. ఏ ఊరో ఆయనకి తెలియదు. మలేషియా తెలుగు సంఘం మొదలైన 1955లో తను ఎనిమిదేళ్ల పిల్లాణ్ణని వేళ్లమీద లెక్కపెట్టి చెప్పారు. "రండమ్మా, సుదా మకాన్? తిన్నారేటి?" అని రెండు భాషల్లో ఒకే ప్రశ్న అడిగారు.

అరిటాకులో అన్నం, పప్పు, వేపుడు. పక్కన నల్లగా ఒక ముద్ద. గోంగూర! అక్కడ రోసెల్ జ్యూస్ కోసం పెంచే మొక్క మన గోంగూరేనట, దాని ఆకులు తెచ్చి వండింది. ఎండుమిరపకాయలతో పాటు బెలచాన్ అనే రొయ్యల ముద్దని పెనం మీద కాల్చి నూరింది. కాలుస్తుంటే వచ్చిన వాసనకి నేను వరండాలోకి పారిపోయాను. తిన్నాక మాత్రం మాట రాలేదు. మా ఆయన మూడుసార్లు వేయించుకున్నారు. ఇంట్లో నేను చేసింది ఒకసారికే వద్దంటారు, అది వేరే సంగతి.

తువ్వాలు ఇస్తే పెద్దాయన భుజాన వేసుకుని, కొస నలిపి చూసి, "మా ఊరి వైపుదేనా?" అని అడిగారు. ఔనన్నాను. రెండోదాన్ని మడత విప్పకుండా దేవుడి దగ్గర పెట్టారు.

ఇప్పుడు పొద్దున్నే మా ఆయన ఫోన్లోంచి "తిన్నారేటి బాబూ" అన్న గొంతు వినిపిస్తోంది. ఈయన తిరిగి "సుదా, సుదా" అని వాయిస్ మెసేజీ పెడతారు. బెలచాన్ కోసం విశాఖలో నాలుగు షాపులు తిరిగాను, ఎక్కడా దొరకలేదు.