చోయ్ డాంగ్-వన్, సన్ డాంగ్-యోల్: ఎవరికి నా ఓటు?

1987 మే 16, బూసాన్‌లోని సాజిక్ మైదానం. దక్షిణ కొరియా బేస్‌బాల్ లీగ్‌లో ఇద్దరు పిచర్ల (బంతి విసిరేవాళ్ల) పోరు: లోట్టే జెయింట్స్ తరఫున చోయ్, హైతాయ్ టైగర్స్ తరఫున సన్. 15 ఇన్నింగ్స్ ముగిసినా ఇద్దరిలో ఒక్కరూ బంతిని మరో పిచర్‌కు అప్పగించలేదు. చోయ్ 209 బంతులు విసిరాడు, సన్ 232. నేటి పిచర్లు సాధారణంగా వంద దాటగానే పక్కకు తప్పుకుంటారు. స్కోరు 2-2, ఫలితం తేలలేదు. ముఖాముఖి పోరులో చెరొక గెలుపు, ఈ ఒక్క డ్రా.

అంకెల్లో సన్‌దే పైచేయి. కొరియా లీగ్‌లో 146 విజయాలు, 132 సేవ్‌లు (ఆఖర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడిన మ్యాచ్‌లు). ఫీల్డర్ల తప్పిదాలు మినహాయిస్తే, 9 ఇన్నింగ్స్‌కు అతను ఇచ్చిన పరుగుల సగటు 1.20 మాత్రమే, చోయ్‌ది 2.46. తర్వాత సన్ జపాన్‌లో చునిచి డ్రాగన్స్‌కూ ఆడాడు.

అయినా నా మనసు చోయ్ వైపే మొగ్గుతుంది. లీగ్ విజేతను తేల్చే ఫైనల్ పోరు, 1984 కొరియన్ సిరీస్ చూడండి. ఏడు మ్యాచ్‌ల్లో ఐదింట బంతి అతని చేతికే వచ్చింది. పది రోజుల్లో 40 ఇన్నింగ్స్! లోట్టే గెలిచిన నాలుగూ అతని ఖాతాలోవే. ఆరో మ్యాచ్‌లో మధ్యలో వచ్చి గెలిపించి, ఏడో మ్యాచ్‌ను మొదటి బంతి నుంచి చివరిదాకా తానే మోశాడు. ఏ భుజమైనా అంత బరువు ఎన్నాళ్లు మోస్తుంది?

ఇంకో కారణమూ ఉంది. 1988లో తక్కువ జీతాల ఆటగాళ్ల కోసం సంఘం పెట్టడానికి చోయ్ ముందు నిలిచాడు. ఆ ఏడాది చివర్లో లోట్టే అతన్ని సామ్‌సంగ్ లయన్స్‌కు పంపేసింది. 1990తో ఆట ముగిసింది. 2011లో క్యాన్సర్‌తో కన్నుమూశాక లోట్టే అతని 11వ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది.