క్యూబాలో 12 రోజులు: ఎక్కడ ఉన్నాం, ఎలా తిరిగాం, మా డబ్బు ఎవరికి చేరింది

హవానాలో మేము దిగిన ఇంటావిడ మొదటి రోజు పొద్దున్నే నాలుగు గుడ్లతో ఆమ్లెట్ వేసి పెట్టింది. పక్కన బొప్పాయి ముక్కలు, జామరసం, ఫ్లాస్కు నిండా చిక్కటి కాఫీ. నేనూ మా ఆయనా ఇష్టంగా తిన్నాం. ఆ గుడ్లు ఆవిడ బ్లాకులో కొన్నవని సాయంత్రం మాటల్లో తెలిసింది. 30 గుడ్ల అట్ట మూడు వేల పెసోలట. ఆవిడ కూతురు ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టరు. ఆ అమ్మాయి నెల జీతం అప్పట్లో రెండు అట్టల గుడ్లకు సరిపోయేది. మేము ఒక గదికి ఒక రాత్రికి ఇచ్చింది 30 యూరోలు. బయట రేటు ప్రకారం లెక్కేస్తే తొమ్మిది వేల పెసోలు. ఆ లెక్క కట్టాక మిగతా 11 రోజులూ నేను ప్రతి ఖర్చునూ అలాగే చూశాను.

మేము టొరంటోలో ఉంటాం. ఇక్కడి చలి తట్టుకోలేక ఫిబ్రవరిలో మనవాళ్ళు చాలామంది క్యూబా సముద్రతీరంలోని వరదేరో రిసార్టులకు వెళ్తుంటారు. మూడున్నర గంటల విమానం, వారం రోజుల ప్యాకేజీ, సముద్రం, తిరిగి రావడం. 2024 ఫిబ్రవరిలో నేను, మా ఆయన, ఊరి నుంచి వచ్చిన మా నాన్న కలిసి కొంచెం వేరేగా వెళ్ళాం. హవానాలో నాలుగు రోజులు, వినాలెస్‌లో రెండు, త్రినిదాద్‌లో మూడు (ఆ పేరున్న ద్వీప దేశం కాదు, క్యూబాలోనే ఉన్న ఊరు), చివరి మూడు వరదేరోలో. నాన్న పశ్చిమ గోదావరిలో చక్కెర మిల్లులో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. "క్యూబా పంచదార అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం, ఆ చెరుకు ఒకసారి చూద్దాం అమ్మాయ్" అన్నారు. అందుకే పాత చక్కెర మిల్లుల లోయ పక్కనున్న త్రినిదాద్ మా దారిలో చేరింది.

ముందు డబ్బు సంగతి. అమెరికా 1962 ఫిబ్రవరిలో క్యూబాతో వ్యాపారం పూర్తిగా ఆపేసింది. 1992లో ఇంకో చట్టం వచ్చింది: క్యూబాలో సరుకు దించిన ఓడ 180 రోజుల దాకా అమెరికా రేవుకు రాకూడదు. 1996 చట్టంతో ఇదంతా ఎంత బిగుసుకుందంటే, ఇప్పుడు ఏ అమెరికా అధ్యక్షుడూ ఒక్క సంతకంతో ఎత్తేయలేడు, అక్కడి పార్లమెంటు ఒప్పుకోవాలి. క్యూబా జనం దీన్ని 'బ్లొకేయో' అంటారు, అంటే దిగ్బంధం. ప్రయాణికుడికి ఇది మొదట తగిలేది జేబులోనే. అమెరికా బ్యాంకుల కార్డులు పనిచేయవు. మా కెనడా కార్డు ఒక చోట పనిచేసింది, మూడు చోట్ల చేయలేదు. మేము వెళ్ళినప్పుడు డాలరుకు ఒక ప్రభుత్వ రేటు 24 పెసోలు, ఎక్స్చేంజి కౌంటర్లో 120, వీధిలో 300కి దగ్గరగా. వెళ్ళేవాళ్ళు యూరోలో కెనడా డాలర్లో చిన్న నోట్లుగా తీసుకెళ్ళండి. మొత్తం ఒకేసారి మార్చకండి, మిగిలిన పెసోలు తిరిగి ఎవరూ తీసుకోరు.

హవానాలో మేము ఉన్నది సెంట్రో హవానా పేటలో, 'కాసా పర్టిక్యులర్' అనే పద్ధతిలో. సొంత ఇంట్లో గదులు అద్దెకివ్వడానికి 1997 నుంచి అక్కడ లైసెన్సు ఇస్తున్నారు. తలుపు మీద నీలం రంగు లంగరు లాంటి గుర్తు ఉంటుంది. పన్ను కట్టాలి, అతిథుల వివరాలు రాసి పంపాలి. మా గదిలో ఏసీ ఉంది, వేడి నీళ్ళు రోజుకోసారి వచ్చాయి, దుప్పట్లు మల్లెపూలంత తెల్లగా ఉన్నాయి. కరెంటు రెండు రాత్రులు పోయింది. ఆవిడ ముందే చార్జింగ్ లైటు, నీళ్ళ బకెట్టు గదిలో పెట్టి ఉంచింది. హోటళ్ళలో ఇలాంటి ముందుచూపు నేను చూడలేదు.

ఆ ఇంటికి పై గది 2016లో వేశారట. ఒబామా, అప్పటి క్యూబా అధ్యక్షుడు రౌల్ కాస్ట్రో 2014 డిసెంబరు 17న సంబంధాలు మళ్ళీ మొదలుపెడతామని ప్రకటించాక ఊరంతా ఒక ఊపు వచ్చింది. 2015లో ఎంబసీలు తెరిచారు, ఇళ్ళల్లో గదులు ఆన్‌లైన్‌లో అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ వచ్చింది. 2016 మార్చిలో ఒబామా హవానా వెళ్ళాడు, మే నెలలో అమెరికా నుంచి మొదటి క్రూజ్ ఓడ వచ్చింది, ఆగస్టులో మామూలు విమానాలు మొదలయ్యాయి. ఇంటావిడ తమ్ముడు అమెరికాలోని మయామీ నుంచి డబ్బు పంపితే సిమెంటు, టైల్స్ కొని పైకి కట్టింది. ఎదురింటివాళ్ళకు బయటి దేశంలో ఎవరూ లేరు. ఆ ఇంటి అమ్మ ఈ ఇంటి దుప్పట్లు ఉతికి పెడుతుంది. ఇద్దరి ఇళ్ళూ ఒకే కొలత, ఒకే వీధి. తలుపు తెరిచిన రోజు చేతిలో కొంచెం పెట్టుబడి ఉన్నవాళ్ళు మేడ మీదికి, లేనివాళ్ళు చాకిరేవుకు వెళ్ళారు. మయామీ చుట్టాలున్న కుటుంబాల్లో తెల్లవాళ్ళే ఎక్కువ కాబట్టి, నల్లజాతి క్యూబన్లకు ఆ ఊపులో తక్కువ దక్కింది. నాకు ఆ వీధిలో అన్నిటికన్నా బాధ కలిగించినది ఇదే.

ఆ రెండు మూడేళ్ళూ టూరిస్టులు పెరిగి ఉల్లిపాయలు, టమాటాలు, బీరు అన్నీ రెస్టారెంట్లకే పోయేవి, బజారులో మా వంతుకు వచ్చేసరికి ధర రెట్టింపయ్యేది అని కూడా ఆవిడ చెప్పింది. అయినా ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకుంటోంది. 2019 జూన్‌లో అమెరికా క్రూజ్ ఓడల్ని ఆపేసింది, ఆ తర్వాత కోవిడ్. 2018లో దేశానికి 47 లక్షల మంది వచ్చారు. 2024లో వచ్చింది 22 లక్షలే.

పాత హవానా తప్పకుండా చూడండి, కాళ్ళు నొప్పి పుట్టే దాకా నడవండి. ప్లాసా వియెహా చౌకు రంగులు, బాల్కనీలు, బడికి పరుగెత్తే పిల్లలు చూస్తుంటే కదలబుద్ధి కాదు. ఇంత అందంగా నిలబెట్టిన మనిషి నగర చరిత్రకారుడు యుసేబియో లెయాల్. 1990లలో, సోవియట్ సాయం ఆగిపోయి జనం పస్తులున్న కాలంలో, ఆయన నగర కార్యాలయం తరఫున హోటళ్ళు, రెస్టారెంట్లు నడిపి ఆ లాభంతోనే అక్కడి కట్టడాలు బాగుచేయించాడు. చుట్టుపక్కల బడులు, వృద్ధుల కేంద్రాలు కూడా అందులోంచే. 2016లో ఆ హోటళ్ళు సైన్యం చేతిలోని సంస్థ కిందికి వెళ్ళాయి. చౌకు నుంచి రెండు వీధులు అవతలికి వెళ్తే గోడలకు కర్రలు పోటు పెట్టిన ఇళ్ళు, వాటి కింద బట్టలు ఆరేసుకుంటున్న మనుషులు. హవానాలోనే వెడాడో అనే పేట వైపు మాత్రం అప్పుడు 42 అంతస్తుల కొత్త హోటల్ లేస్తూ ఉంది. ఉన్న గదులే నిండని దేశంలో అది ఎవరి కోసమో ఎవరినడిగినా భుజాలెగరేశారు.

వినాలెస్‌కు షేర్ టాక్సీలో వెళ్ళాం. పాత అమెరికన్ కారు, లోపల డీజిల్ ఇంజను వేసుకున్నారు. ప్రభుత్వ టూరిస్టు బస్సు చవకే, కానీ తిరుగు ప్రయాణంలో అది మూడున్నర గంటలు ఆలస్యంగా వచ్చింది, కారణం చెప్పే మనిషి లేడు. పెద్దవాళ్ళతో వెళ్తే టాక్సీయే నయం.

తిండి విషయంలో మాకు అన్నిటికన్నా తృప్తి దొరికింది వినాలెస్‌లోనే. నాన్న గుడ్డు కూడా ముట్టరు. ఆ ఇంటి పెరట్లో కర్రపెండలం, అరటి, అవకాడో, చేమదుంపలా ఉండే మలాంగా అన్నీ పండుతున్నాయి. ఉడికించిన కర్రపెండలం మీద వెల్లుల్లి, పుల్ల నారింజ రసం, నూనె కలిపి పోస్తారు. నల్ల చిక్కుడు గింజలతో వండిన అన్నం, వేయించిన అరటికాయ బిళ్ళలు. నాన్న రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. మేము తీసుకెళ్ళిన పచ్చడి సీసా అక్కడే ఖాళీ అయింది, ఇంటాయన కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తిన్నాడు. అతను పొగాకు రైతు. పంటలో తొంభై శాతం ప్రభుత్వానికి ఇవ్వాలి, పది శాతం తనది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఇయన్ తుఫాను పొగాకు ఆరబెట్టే కొట్టాన్ని కూల్చేసింది. మా లాంటి అతిథుల డబ్బుతోనే మేకులు, రేకులు కొని తిరిగి లేపుకున్నాడు. కొండలు చాలా బాగున్నాయి. గుహల టూర్ మానేసినా నష్టం లేదు.

త్రినిదాద్ ఊరు అందమైనదే, కానీ అమ్మేవాళ్ళు మనిషికి ఇద్దరు చొప్పున వెంటపడతారు. నాన్న కోరిక మీద చక్కెర మిల్లుల లోయకు వెళ్ళాం. మనాకా ఇస్నాగా దగ్గర 45 మీటర్ల బురుజు ఉంది, బానిసలు చెరుకు నరుకుతున్నారో లేదో పైనుంచి చూడటానికి కట్టించింది. నాన్న కింద నిలబడి చుట్టూ చూశారు. చెరుకు దాదాపు లేదు. మన సర్కారు తుమ్మలా పొలాలు మింగేసే మరాబూ అనే ముళ్ళ చెట్టు కనుచూపు మేరా ఉంది. 2002లో ఆ దేశం సుమారు సగం మిల్లులు మూసేసింది. ఒకప్పుడు ఏటా 80 లక్షల టన్నులు తీసిన దేశం ఇప్పుడు పంచదార బయట కొంటోంది. "మిల్లు మూశాక రెండేళ్ళకే ఊరు ఊరంతా మారిపోద్దమ్మా, మన వైపు చూశాంగా" అని నాన్న గైడుతో చెప్పమన్నారు. నేను నా కొద్దిపాటి స్పానిష్‌లో చెప్పాను. ఆ అబ్బాయి తన తాత కూడా మిల్లు కార్మికుడే అని నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

వరదేరో సముద్రానికి వంక పెట్టలేను. అంత తెల్లటి ఇసుక, అంత నెమ్మదైన నీళ్ళు నేనెక్కడా చూడలేదు. మేము ఉన్న పెద్ద రిసార్ట్ మాత్రం నచ్చలేదు. గది బూజు వాసన, గది మార్చమని అడిగితే ఒక రోజంతా పట్టింది. శాకాహారం అంటే ఉడికించిన అన్నం, క్యాబేజీ. బఫేలో మిగిలిన రొట్టెలు పారేస్తుంటే హవానా గుడ్లు గుర్తొచ్చాయి. కాఫీ ఇచ్చే అబ్బాయి మెకానికల్ ఇంజనీరు. జీతం కన్నా మేమిచ్చే టిప్పే ఎక్కువన్నాడు. 2008 దాకా మామూలు క్యూబన్లకు ఈ హోటళ్ళలో గది ఇచ్చేవారే కాదు. మేము టొరంటోలోనే కట్టేసిన ప్యాకేజీ డబ్బులో ఆ అబ్బాయి ఊరికి ఎంత చేరిందో నాకు తెలియదు. వినాలెస్‌లో ఇచ్చిన ప్రతి నోటూ ఎవరి చేతిలోకి వెళ్ళిందో కళ్ళతో చూశాను.

క్యూబా మీద అమెరికా ఆంక్షలు ఎత్తేస్తే ఏమవుతుందని మా ఆయనా నేనూ రోజూ వాదించుకున్నాం. మేము 2019లో వియత్నాం వెళ్ళాం కాబట్టి పోలిక అదే వచ్చేది. వియత్నాం మీద ఆంక్షల్ని అమెరికా 1994 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఆ ఏడు అక్కడికి వచ్చిన విదేశీయులు సుమారు పది లక్షల మంది. మేము వెళ్ళిన ఏడు ఒక కోటి ఎనభై లక్షలు. అక్కడి హోయాన్ అనే ఊళ్ళో పాత ఇళ్ళు ఒకదాని పక్కన ఒకటి దర్జీ కొట్లు, కాఫీ షాపులు అయిపోయి, ఆ ఇళ్ళవాళ్ళు ఊరి బయట ఉంటున్నారు. అయినా ఆ దేశంలో తిండికి కరువు కనిపించలేదు. ఎందుకంటే వాళ్ళు 1986లోనే రైతుకు, చిన్న వ్యాపారికి స్వేచ్ఛ ఇచ్చుకున్నారు, 1989కే బియ్యం ఎగుమతి చేశారు. అతిథులు వచ్చేసరికి గాదెలు నిండి ఉన్నాయి. క్యూబా తినే తిండిలో ఎక్కువ భాగం దిగుమతే. మేము తిన్న అన్నం కూడా వియత్నాం బియ్యమే అయి ఉండొచ్చు, అక్కడి నుంచే ఎక్కువగా వస్తుంది.

నా మటుకు నాకు ఆ ఆంక్షలు రేపే పోవాలి. మందుల షాపులో ఖాళీ అరలు చూశాక ఇంకో మాట రాదు. కానీ అదే రోజు ఆ పొగాకు రైతు పంట తనకిష్టమైన ధరకు అమ్ముకోగలగాలి, దుప్పట్లు ఉతికే ఆవిడకు గది వేసుకోవడానికి బ్యాంకు అప్పు దొరకాలి. లేకపోతే మయామీ డబ్బూ, సైన్యం హోటళ్ళూ కలిసి సముద్రం ఒడ్డంతా పంచుకుంటాయి, గుడ్ల అట్ట ఐదు వేలవుతుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళు వరదేరో మూడు రోజులకు మించి పెట్టుకోకండి, మిగతా అంతా ఇళ్ళల్లోనే ఉండండి. పారాసిటమాల్, నొప్పి మందులు, సబ్బులు, పిల్లల పాలపొడి ఒక సూట్‌కేసు నింపుకెళ్ళండి. మేము తిరిగి వచ్చిన నెలలోనే, ఏడేళ్ళలోపు పిల్లలకు రేషన్‌లో ఇచ్చే పాల కోసం క్యూబా ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ సాయం అడిగిందని వార్త చదివాను.

2024 అక్టోబరు 18న దేశం మొత్తానికి కరెంటు పోయింది. హవానా ఇంటావిడ దగ్గర నుంచి నాలుగో రోజు మెసేజ్ వచ్చింది. ఫ్రిజ్‌లో ఉన్నదంతా వీధివాళ్ళందరూ కలిసి బొగ్గుల పొయ్యి మీద వండుకు తిన్నారట. నాన్న మోకాలు ఎలా ఉందని అడిగింది. డిసెంబరులో మా ఆఫీసు స్నేహితురాలు వెళ్తుంటే చార్జింగ్ ఫ్యాను ఒకటి, పాలపొడి ప్యాకెట్లు ఆరు పంపాను. మూడు ఎదురింటికి ఇమ్మని రాశాను.