సాగర్‌నగర్‌లో ఈతకొలను లైనర్ మార్పు, అడుగు నేల పని: చేసినవారి పనితనంపై సమీక్ష

విశాఖలో ఈతకొలనుల పని చేసేవారిలో ఎక్కువమందికి కాంక్రీటు, టైల్స్ పనే అలవాటు. వినైల్ లైనర్ (గోడలకూ అడుగుకూ కలిపి పరిచే, నీరు కారనివ్వని ప్లాస్టిక్ పొర) వేసిన కొలను మరమ్మతుకు వస్తే చేసే మనిషి దొరకడమే కష్టం. దొరికినవారు కూడా పాత లైనర్ ఊడదీసి కొత్తది పరిచేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఈ ఏడాది మా ఇంటి కొలనుకు కొత్త లైనర్ వేసి, అడుగు నేలను మొత్తం తిరగవేసిన గాజువాక బృందం అలా అనుకోలేదు. వారి పనిలో లోపాలు లేకపోలేదు, వాటినీ రాస్తాను. అయితే నేల విషయంలో వారు చూపిన శ్రద్ధ మాత్రం నలుగురికీ తెలియాల్సినది.

మా కొలను 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. లోతు ఒక చివర 1.1 మీటర్లు, రెండో చివర 1.7 మీటర్లు ఉంటుంది కనుక నిండితే సుమారు 45 వేల లీటర్ల నీరు పడుతుంది. గోడలు గాల్వనైజ్డ్ ఉక్కు పలకలు, అడుగున దిమ్మిస కొట్టిన ఇసుక. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి ఏడాది వేయించిన లైనర్ ఇది, మందం సుమారు అర మిల్లీమీటరు. సముద్రపు గాలి, ఎండ, క్లోరిన్ మధ్య పదేళ్లు దాటి నిలిచిందంటే దానిమీద ఫిర్యాదు చేయడానికి లేదు. నీటిమట్టం రోజురోజుకూ తగ్గుతుండడంతో వీరిని పిలిచాం.

వచ్చిన మేస్త్రీ గారు వెంటనే లైనర్ అమ్మే మాట ఎత్తలేదు. కొలను నీటితోనే నింపిన ఒక బకెట్‌ను మెట్టుమీద పెట్టి, బకెట్ లోపలి నీటిమట్టాన్నీ బయటి కొలను మట్టాన్నీ గుర్తు పెట్టి, మర్నాడు వచ్చి రెండూ పోల్చి చూశారు. ఎండకు ఆవిరయ్యే నీరు రెండింటిలోనూ ఒకే మేరకు తగ్గుతుంది కాబట్టి, కొలనులో అంతకు మించి తగ్గినదంతా కారిపోతున్న నీరే అవుతుంది. ఆ తర్వాత నీటిని కదపకుండా, అనుమానం ఉన్న చోట్ల రంగు చుక్కలు వదిలితే, లోతు వైపు వాలులో ఒకచోట రంగు సన్నని దారంగా అడుగుకు లాక్కుపోవడం స్పష్టంగా కనిపించింది.

కొలను ఖాళీ చేసే ముందు పక్కనే చిన్న గొయ్యి తవ్వించి, నేలలో నీరు ఎంత లోతున ఉందో చూడడం నాకు బాగా నచ్చిన సంగతి. మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్లాక కూడా కొన్నాళ్లపాటు ఇసుక నేలల్లో ఊట పైకే ఉంటుంది. అలాంటప్పుడు కొలనును ఖాళీ చేస్తే లోపల నీటి బరువు ఉండదు, బయటి నీటి ఒత్తిడి మాత్రం ఉంటుంది. ఆ ఒత్తిడికి ఉక్కు గోడలు లోపలికి వంగవచ్చు, నేల ఉబ్బవచ్చు. అందుకే వారు ఫిబ్రవరి దాకా ఆగమన్నారు. చలికాలంలోనే చేసేస్తామని ముందుకొచ్చిన మరొకరి మాట వినకపోవడం మంచిదైంది.

పాత లైనర్‌ను పట్టీలుగా కోసి తీసేశాక అసలు కారణం బయటపడింది. రంగు లాక్కుపోయిన చోటికి సరిగ్గా కింద, ఇసుకలోంచి తుంగ మొలక ఒకటి నిటారుగా లేచి ఉంది. దాని మొన వినైల్‌ను కింది నుంచి పొడుచుకుని పైకి వచ్చింది. తోటల్లో తుంగతో పడేవారికి దాని బలం తెలిసినదే, తారు రోడ్డును కూడా చీల్చుకుని వస్తుంది. ఈ బృందం పైపైన పీకి వదిలేయకుండా, తీగ వెంట తవ్వుకుంటూ పోయి, అడుగున ఉన్న నల్లని గడ్డలను ఒక్కొక్కటిగా ఏరి బస్తాలో వేసింది. ఒక్క గడ్డ మిగిలినా అది మళ్లీ మొలుస్తుంది. ఎంత ఖరీదైన లైనర్ వేసినా రెండో ఏడాదికి అదే కథ అవుతుంది. ఈ పనికి వేరే కూలి అడగలేదు.

ఇసుక నేలను మళ్లీ సరిచేసి వదిలేయవచ్చు, ఖర్చు తక్కువ. కానీ ఇసుక మీద మడమ గట్టిగా ఆనితే గుంట పడుతుంది, చీమలు దారులు చేస్తాయి, కింద నీరు కదిలితే ఇసుక జారుతుంది. అందుచేత వర్మిక్యులైట్‌ను పోర్ట్‌లాండ్ సిమెంటుతో కలిపి సుమారు రెండు అంగుళాల మందంలో కొత్త నేల వేయాలని మేస్త్రీ గారు సూచించారు. వర్మిక్యులైట్ అంటే వేడిచేస్తే పేలాల్లా విచ్చుకునే తేలికైన ఖనిజం, మన నెల్లూరు ప్రాంతంలోనూ దొరుకుతుంది, కుండీ మట్టిలో కలిపేవారు చూసే ఉంటారు. దీనితో వేసిన నేల కాంక్రీటంత కరకుగా ఉండదు, కాలికి కాస్త మెత్తగా తగులుతుంది. అడుగున చేరిన నీరు దానిగుండా దిగిపోతుంది. అయితే ఎక్కువసేపు కలిపితే రేకులు నలిగి పొడైపోతాయి, ఆ గుణమంతా పోతుంది. మిక్సర్‌ను తిప్పి తిప్పి వదిలేసే అలవాటున్న కూలీలను మేస్త్రీ గారు ప్రతి కలుపు దగ్గరా నిలబడి ఆపుతూనే ఉన్నారు.

వాలు కోసం దారాలు కట్టి, రసమట్టం చూసుకుంటూ, పొడవాటి అల్యూమినియం బద్దతో లాగి, చివరికి తాపీతో నునుపు చేశారు. గోడ, నేల కలిసే మూల పొడవునా గుండ్రంగా వచ్చేలా కట్ట పోశారు. అక్కడ పదునైన కోణం ఉంటే నీటి బరువుకు లైనర్ సాగి చిరుగుతుంది. నేల ఆరాక మేస్త్రీ గారు చెప్పులు విడిచి, మోకాళ్లమీద కూర్చుని, ఒక చివరి నుంచి మరో చివరికి అరచేతితో తడుముతూ వెళ్లారు. చేతికి ఏదైనా తగిలిన చోట సుద్దతో గీత గీసి, సన్నని గరుకు కాగితంతో రుద్దించారు. "ఇప్పుడు ఇక్కడ గోరంత ఎత్తు ఉన్నా, నీళ్లు నిండాక మీ పాదానికి తెలిసిపోతుందండి" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం, ఇప్పుడు కొలనులో నడుస్తుంటే ఎక్కడా ఏమీ తగలడం లేదు.

గోడల విషయంలో మాత్రం అంత శ్రద్ధ కనిపించలేదు. పలకల అడుగు భాగాన పట్టిన తుప్పును గీకి, జింక్ ప్రైమర్ పూసి, పైన పల్చని ఫోమ్ అంటించారు, అంతవరకు బాగుంది. కానీ నీరు లోపలికి వచ్చే నోళ్ల దగ్గర బిగించడానికి మామూలు ఇనుప స్క్రూలు తెచ్చారు. సముద్రానికి ఇంత దగ్గరలో అవి ఎన్నాళ్లు నిలుస్తాయో విశాఖలో ఇల్లు కట్టుకున్న ఎవరికైనా తెలుసు. గట్టిగా చెప్పిన తర్వాతే ఆటోనగర్ నుంచి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తెప్పించారు. ఇది యజమాని అడిగి చేయించుకోవాల్సిన పని కాదు.

లైనర్ కొలతలను నేల పూర్తయ్యాకే తీసుకున్నారు. దీనివల్ల కొలను ఖాళీగా ఉండే కాలం పెరుగుతుంది, అయినా అదే సరైన పద్ధతి. కొలను పక్కన రెండు స్థిరమైన గుర్తులు పెట్టుకుని, అంచు వెంట వరుసగా రాసుకున్న ప్రతి బిందువుకూ ఆ రెండింటి నుంచీ దూరం కొలిచారు. గోడలు కొద్దిగా వంకర తిరిగి ఉన్నా ఈ త్రిభుజాల లెక్కలో అది పట్టుబడుతుంది. ఈసారి ముప్పావు మిల్లీమీటరు మందం లైనర్ ఎంచుకున్నాం. అది రావడం చెప్పిన గడువు కంటే బాగా ఆలస్యమైంది. ఆలస్యం కన్నా, ఫోన్ ఎత్తకుండా ఉండడం ఎక్కువ బాధపెట్టింది. వాన పడితే ఖాళీ కొలను ఏమవుతుందో వారికి తెలియనిది కాదు.

బిగించే రోజు ఎండ బాగా కాసింది, వినైల్ మెత్తబడడానికి అది అవసరం. లైనర్ అంచును గోడ పైనున్న గాడిలోకి ఎక్కించి, మిగతా రంధ్రాలను టేపుతో మూసి, లైనర్ వెనుక ఉన్న గాలిని మోటారుతో బయటికి లాగారు. దానితో లైనర్ గోడకూ నేలకూ అతుక్కుపోయింది, మిగిలిన ముడతలను పాదాలతో అంచువైపు నెట్టుకుంటూ సరిచేశారు. మోటారు నడుస్తుండగానే నీరు పెట్టారు. నీరు పైకి వస్తున్న కొద్దీ, ఒక్కో నోటి కిందికి మట్టం చేరాక మాత్రమే రెండు వైపులా రబ్బరు వాషర్లు పెట్టి, చట్రం బిగించి, ఆ తర్వాతే మధ్యలో కోశారు. తొందరపడి ముందే కోస్తే నీటి బరువుకు లైనర్ సాగి, కోసిన రంధ్రం పక్కకు జరిగిపోతుంది.

ట్యాంకర్ నీరు నింపే ముందు ఒక బకెట్‌లో కొంచెం క్లోరిన్ వేసి రంగు మారుతుందేమో చూడడం మరో మంచి పని. బోరు నీటిలో ఇనుము ఉంటే క్లోరిన్ తగలగానే గోధుమ రంగుకు తిరిగి, కొత్త లైనర్‌పై మరకలు పడతాయి.

మెట్ల పక్క మూలలో ఒక ముడత ఇంకా మిగిలి ఉంది. దాన్ని సరిచేసే వరకు బిల్లులో కొంత ఆపుతామంటే మేస్త్రీ గారు కాదనలేదు. హామీ పత్రం మాత్రం చదివి సంతకం చేయాలి. అది లైనర్ అతుకులకే వర్తిస్తుంది, రంగు వెలిసినా, చిల్లు పడినా వర్తించదు. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలని, క్లోరిన్ గుళికలను నేరుగా అడుగున పడనీయకూడదని వారు నోటితో చెప్పారే తప్ప కాగితంమీద రాసివ్వలేదు. కొలను చూసుకునే మనిషి మారే ఇళ్లలో ఆ కాగితం తప్పనిసరి కనుక అడిగి రాయించుకోండి. నేల పనికైతే ఈ బృందాన్ని నిస్సంకోచంగా పిలవవచ్చు. సామాను విషయంలో మాత్రం స్క్రూ దగ్గర నుంచి ఏ రకం వాడతారో ముందే ఒప్పందంలో రాయించుకుని, లైనర్ చేతికొచ్చే తేదీకి కొంత సొమ్మును ముడిపెట్టండి. జూన్‌లో నైరుతి వానలు మొదలయ్యేలోగా కొలను నిండి ఉండేలా లెక్క చూసుకుంటే, జనవరిలోనే వారితో మాట్లాడుకోవాలి.