మెల్విల్: రైలు కోసం పుట్టిన ఊళ్ళో ఒక రాత్రి

కెనడాలోని రెజైనాలో సెలవు దొరికితే మనవాళ్ళ కార్లన్నీ బాన్ఫ్ కొండల వైపే తిరుగుతాయి. మావారూ, పాపా కూడా అదే అన్నారు. నేనే పట్టుబట్టి ఈ జూలైలో మెల్విల్‌కి బయల్దేరదీశాను. మా నాన్న కాజీపేటలో గూడ్సు గార్డుగా చేశారు. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని, అలాంటి ఊరిని చూడకుండా ఉండలేను.

ఈశాన్యంగా గంటన్నర దారి. ఫోర్ట్ కపెల్ దగ్గర లోయలోకి దిగి మళ్ళీ పైకెక్కాక అంతా బల్లపరుపు నేల, మన ఆవ చేలలా పచ్చగా పూసిన కనోలా. బస్సు మీద ఆశ పెట్టుకోకండి, ప్రావిన్సు ప్రభుత్వ బస్సులు 2017లోనే ఆగిపోయాయి. టొరంటో-వాంకూవర్ రైలు ఇక్కడ ఆగుతుంది కానీ వారానికి కొద్దిసార్లే. సరుకు రైళ్ళకు దారివ్వాలి కాబట్టి ఆలస్యాలూ మామూలే. కారే మేలు.

ఊరి జనాభా సుమారు 4,500. మా సస్కాచెవాన్ ప్రావిన్సులో సిటీ హోదా ఉన్నవాటిలో ఇదే చిన్నది. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కంపెనీ లైను వేస్తూ, ఇంజన్లూ సిబ్బందీ మారడానికి దీన్ని డివిజన్ పాయింటు చేసింది. ఆ కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ మెల్విల్ హేస్ పేరే ఊరికి పెట్టారు. ఆయన 1912లో టైటానిక్‌తో పాటు మునిగిపోయారు. 1919లో కంపెనీ దివాలా తీసి, లైను కెనడియన్ నేషనల్ చేతికి వెళ్ళింది. ఊరు మాత్రం నిలబడింది. ఇప్పటికీ రైలు సిబ్బంది ఇక్కడ డ్యూటీ దిగుతారు. భుజాన సంచీతో యార్డు నుంచి నడిచొస్తున్న ఒకాయన్ని చూస్తే, రన్నింగ్ రూమ్ (రైలు సిబ్బంది విశ్రాంతి గది) నుంచి ఇంటికొచ్చే నాన్నే గుర్తొచ్చారు. పాత స్టేషన్ 1908 నాటిది. దాని ముందు అరగంట ఊరికే నిలబడ్డాను.

మేం దిగిన మోటెల్ 120 డాలర్ల లోపే. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు పుష్కలం, గోడలు మాత్రం పలుచన. రాత్రి రెండింటికి కూత వినపడితే పాప ఉలిక్కిపడి లేచింది, నేను హాయిగా నిద్రపోయాను. చంటిపిల్లలుంటే పట్టాలకు దూరంగా గది అడగండి. తిండి దగ్గర కాస్త ఇబ్బంది పడ్డాం. ఆదివారం ఎనిమిదయ్యేసరికి మేం చూసినవన్నీ మూసేశారు, పులిహోర తెచ్చుకున్నాం కాబట్టి బతికిపోయాం. మర్నాడు ఒక చిన్న హోటల్లో పెరోగీలు తిన్నాం. ఉక్రెయిన్ వాళ్ళ వంటకం, చూడ్డానికి ఉడకబెట్టిన బుల్లి కజ్జికాయ, లోపల బంగాళదుంప, చీజ్, పైన వెన్నలో వేయించిన ఉల్లిపాయ. పంది మాంసం ముక్కలు చల్లవద్దని ముందే చెప్పాలి.

అసలు ఆనందం 15వ నంబరు రోడ్డు మీద పడమటికి వెళ్తుంటే. గ్రాండ్ ట్రంక్ కంపెనీవాళ్ళు స్టేషన్లకు ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్లు పెట్టుకుంటూ పోయారు. ఫెన్‌వుడ్, గుడీవ్, హబర్డ్, ఇటూనా, జాస్మిన్, కెలిహర్... పాప వెనక సీట్లోంచి తర్వాతి అక్షరం ముందే అరుస్తూ వచ్చింది. కొన్నిచోట్ల పట్టుమని పది ఇళ్ళు కూడా కనపడలేదు. పిల్లలున్నవాళ్ళు ఈ దారి వదులుకోవద్దు. మెల్విల్‌లోనే ట్యాంకు నింపుకోండి.

డబ్ల్యూ అంటే వాట్రస్. పక్కనే మానిటూ బీచ్ ఉప్పు సరస్సు, ఈత రానివాళ్ళు కూడా తేలతారు. చేతి మీద గీరుకున్నచోట భగ్గున మండింది, అయినా గంటసేపు బయటికి రాలేదు.

తిరుగుదారిలో గేటు లేని ఒక క్రాసింగ్ దగ్గర గూడ్సు అడ్డొచ్చింది. పాప నూట యాభై దాకా పెట్టెలు లెక్కపెట్టి వదిలేసింది. వీడియో తీసి నాన్నకు పంపాను. ఆయన చివరిదాకా చూసి ఫోన్ చేసి ఒకటే అడిగారు: "బ్రేక్ వ్యాన్ ఏదమ్మా?"

ఇక్కడ గార్డు పెట్టె తీసేసి చాలా ఏళ్ళైందని, చివరి పెట్టెకి మినుకుమినుకుమనే చిన్న ఎర్రదీపమే తగిలిస్తారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదాయన.