బెజవాడలో ఇమేజింగ్ డిప్లొమా చేశా, చేరేముందు ఇవి అడగండి

బైపీసీ అయ్యాక మా బాబాయ్ చెప్తే విజయవాడలో ఒక పారామెడికల్ కాలేజీలో మెడికల్ ఇమేజింగ్ (ఎక్స్‌రే, స్కాన్‌లు తీసే పని) డిప్లొమా చేరా, రెండేళ్లు, అయిపోయింది, ఇప్పుడు గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌లో చేస్తున్నా. కాలేజీ పేరు రాయట్లేదు.

పొజిషనింగ్ చెప్పిన మేడమ్ మాత్రం బంగారం. ఛాతీ ఎక్స్‌రేకి గడ్డం పైకి, భుజాలు ముందుకి, "గాలి నిండా పీల్చి బిగబట్టండమ్మా" అనేదాకా ఒక్కొక్కరితో చేయించేది. ఫిల్మ్ పాడైతే మళ్లీ తియ్యాలి, నీ తప్పుకి పేషెంటు ఇంకో డోస్ రేడియేషన్ మొయ్యాలా అని అడిగేది, ఆ మాట ఇప్పటికీ డ్యూటీలో గుర్తొస్తుంది.

ల్యాబ్‌లో మిషన్ ఉంది గానీ ఆన్ చెయ్యరు. సూర్యారావుపేటలో హాస్పిటల్ పోస్టింగ్ వేశారు, అక్కడ సీటీ, ఎంఆర్‌ఐ బానే నేర్చుకున్నాం, కానీ మొదటి నాలుగు నెలలు టీఎల్‌డీ బ్యాడ్జే (మన మీద ఎంత రేడియేషన్ పడిందో కొలిచేది) ఇవ్వలేదు, స్టూడెంట్స్‌కి ఎందుకన్నారు. రేడియేషన్ ఆపే సీసం ఏప్రాన్ లోపల ఛాతీ దగ్గర పెట్టుకుంటే మూడు నెలలకోసారి రీడింగ్‌కి వెళ్తుంది అది, రేడియేషన్‌లో పనిచేసేవాళ్లకి ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే సంస్థ) హద్దు ఏడాదికి 30 మిల్లీసీవర్టులు (ఒంటి మీద పడే రేడియేషన్ కొలత), ఐదేళ్ల సగటు 20 దాటకూడదు, మరి బ్యాడ్జే లేకపోతే మా మీద ఎంత పడిందో ఎవరికి తెలుస్తుంది? నాన్న వచ్చి గట్టిగా అడిగాక ఇచ్చారు. ఇది నేను క్షమించలేను.

బ్రోచర్లో రేడియోథెరపీ (క్యాన్సర్‌కి రేడియేషన్‌తో చేసే వైద్యం) కూడా అని వేశారు, చూపించింది రెండు రోజులు. కానీ ఆ రెండు రోజులే నన్ను మార్చేశాయి. గొంతు క్యాన్సర్ తాతగారు ఒకాయనకి, రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచే మాస్క్ చేస్తున్నారు, ప్లాస్టిక్ షీటు వేడినీళ్లలో మెత్తబెట్టి మొహం మీద పరిచి నొక్కుతారు, ఆయన భయపడిపోయి ఊపిరాడదేమో నాయనా అన్నాడు, అక్కడి టెక్నాలజిస్ట్ అన్న చెయ్యి పట్టుకుని "జల్లెడలా కన్నాలున్నాయి తాతగారూ, నేను కెమెరాలో చూస్తూనే ఉంటా, చెయ్యెత్తితే ఆపేస్తా" అన్నాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరేడు వారాలు, రోజూ ఆ మనిషిని మిల్లీమీటర్ లెక్కన అదే చోట పడుకోబెట్టాలి. ఎక్స్‌రేకి వచ్చినాయన ఐదు నిమిషాల్లో వెళ్లిపోతాడు, ఇక్కడ వాళ్ల మనవరాలి పేరు కూడా తెలిసిపోతుంది. నాకు ఆ పనే కావాలి, కానీ దానికి వేరే కోర్సు చెయ్యాలంట, చేరేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు, ఇప్పుడు ఆ కోర్సుకి డబ్బులు దాచుకుంటున్నా.

ఫీజు కట్టేముందు పారామెడికల్ బోర్డు గుర్తింపు కాగితం చూపించమనండి, పోస్టింగ్ ఏ హాస్పిటల్లోనో, బ్యాడ్జి మొదటి రోజు నుంచే ఇస్తారో లేదో అడగండి, రేడియోథెరపీ అంటే లినాక్ (ఆ రేడియేషన్ ఇచ్చే మిషన్) దగ్గర ఎన్ని వారాలో రాసిమ్మనండి. మేడమ్‌కి 5 స్టార్లు, కాలేజీకి 2.