మెష్‌లో దారి ఎంపిక: హాప్ కౌంటా, ఈటీఎక్సా?

మెష్ నెట్‌వర్క్‌లో (నోడ్‌లు, అంటే వైర్‌లెస్ పరికరాలు, ఒకదాని ద్వారా మరొకటి డేటా అందించుకునే నెట్‌వర్క్) వాయిస్ కాల్ తెగిపోతుంటే నేను ముందు చూసేది రౌటింగ్ కొలమానాన్నే, అంటే డేటా ఏ దారిన వెళ్లాలో తేల్చే లెక్కనే. హాప్ కౌంట్ దారిలో ఎన్ని అంచెలు (హాప్‌లు) ఉన్నాయో చూసి తక్కువున్న దారిని ఎంచుకుంటుంది. ఈటీఎక్స్ (ETX) ఒక్కో ప్యాకెట్ చేరడానికి సగటున ఎన్ని ప్రయత్నాలు పడతాయో చూస్తుంది.

ఖర్చు: హాప్ కౌంట్‌కు అదనపు భారం దాదాపు లేదు. ఈటీఎక్స్‌కు ప్రతి నోడూ తరచూ ప్రోబ్ ప్యాకెట్లు (లింకును పరీక్షించే చిన్న సందేశాలు) పంపుతూనే ఉండాలి.

నాణ్యత: అసలు తేడా ఇక్కడే. ఎంత బలహీనమైన లింకైనా ఒక్క హాపే కదా అని హాప్ కౌంట్ దాన్నే పట్టుకుంటుంది. ఆ లింకులో ఇటూ అటూ 50 శాతం ప్యాకెట్లే చేరితే, అందిందన్న జవాబు కూడా తిరిగి రావాలి కాబట్టి, ఒక్కో ప్యాకెట్‌కు సగటున 4 ప్రయత్నాలు పడతాయి. ఇటూ అటూ 90 శాతం చేర్చే రెండు హాప్‌లైతే మొత్తం సుమారు 2.5 చాలు. మాట స్పష్టంగా వినపడాలంటే ఇది చాలా పెద్ద తేడా.

రిస్క్: ఈటీఎక్స్ లింకు వేగాన్నీ, రద్దీనీ చూడదు.

డాబాల మీద కదలకుండా ఉండే నోడ్‌లకు ఈటీఎక్స్. నోడ్‌లు తిరుగుతుంటే హాప్ కౌంటే మేలు, కొలత తేలేలోపే లింకు మారిపోతుంది.