అనంతపురంలో పిల్లల పుట్టినరోజుకి బార్నీ వేషం బుక్ చేసేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

నిన్న రాత్రంతా నిద్ర లేదు, కోపం చల్లారకముందే రాసేస్తున్నా. పుట్టినరోజులకి జంతువుల వేషాలు వేసి మనుషుల్ని పంపిస్తామని ఇన్‌స్టాలో రోజూ రీల్స్ పెట్టే ఆ పేజీకి దయచేసి ఎవరూ అడ్వాన్స్ వేయకండి. పేరు ఇక్కడ రాయడం లేదు, మన ఊళ్లో ఈమధ్య పిల్లల ఫంక్షన్ చేసినవాళ్లకి ఎవరో తెలిసిపోతుంది.

నిన్నటితో మా పాపకి నాలుగేళ్లు నిండాయి. దానికి బార్నీ అంటే ప్రాణం. 2024లో వచ్చిన కొత్త యానిమేషన్ బార్నీ కాదు, 1992లో అమెరికాలో పీబీఎస్ అనే టీవీ ఛానెల్‌లో మొదలైన పాత షో, మనిషి లోపల ఉండి పిల్లలతో కలిసి పాడుతూ గంతులేసే ఆ ఊదారంగు డైనోసార్. అది 2010లోనే ఆగిపోయింది కానీ యూట్యూబ్ పుణ్యమా అని మా ఇంట్లో రోజూ నడుస్తుంది. అన్నం తినాలన్నా ఆ పాటే, స్నానం చేయాలన్నా ఆ పాటే. ఇంగ్లీషు ముక్క రాని మా అత్తమ్మ కూడా ఆఖరి పాట మొదలైతే పాపని ఒళ్లోకి లాక్కుంటుంది.

ఆ షో చూసినవాళ్లకి తెలుసు, బార్నీ మొదట ఒక చిన్న గుడ్డబొమ్మ. పిల్లలు మనసులో ఊహించుకుంటే ఆ బొమ్మే పెద్దదై లేచి వస్తుంది. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. పుట్టినరోజు నాడు నీ బొమ్మ కూడా పెద్దదై వస్తుందని పాపకి రెండు వారాల ముందే చెప్పేశా.

ఫోన్లో ఎన్ని మాటలు చెప్పారో! బార్నీ వస్తాడు, వెంట షోలో వాడి స్నేహితులైన డైనోసార్లు ఆకుపచ్చ బేబీ బాప్, పసుపు రంగు బీజే కూడా వస్తారు, షోలో ఉన్న పాటలే వేస్తాం, గంటసేపు పిల్లల్ని ఆడిస్తాం అన్నారు. మొత్తం 7,500. 4,000 అప్పుడే ఫోన్‌పేలో వేశా. వాళ్లు పంపిన ఫొటోలు అచ్చం టీవీలో ఉన్నట్టే ఉన్నాయని మురిసిపోయా. రాత్రి మళ్లీ తీసి చూస్తే అవి నిజంగా టీవీలోవే, వెనక ఆ స్కూలు ఆవరణ, చెట్టు మీది ఇల్లు కూడా కనిపిస్తున్నాయి. అప్పుడే ఒకసారి వేళ్లతో పెద్దది చేసి చూసి ఉంటే ఇంత జరిగేది కాదు.

సాయినగర్‌లో చిన్న హాలు తీసుకున్నాం. ఆరింటికి రావాల్సినవాళ్లు ఏడుంబావుకి వచ్చారు. అంతసేపూ మా పాప ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో తన బొమ్మని గుమ్మం వైపు తిప్పి కూర్చోబెట్టి, పక్కన నిలబడి, రెండు పిడికిళ్లు బిగించి కళ్లు మూసుకుని ఉంది. "గట్టిగా అనుకుంటాండా అమ్మా" అని మధ్యమధ్యలో నాకు చెప్తోంది. బార్నీ గుమ్మంలోకి రాగానే బొమ్మని తీసి దాచేయమని మా తమ్ముడికి ముందే చెప్పి ఉంచా.

వచ్చింది ఒక్కటే వేషం. అదీ ఆకుపచ్చది. బార్నీకి ఒళ్లంతా ఊదా, పొట్ట మాత్రమే ఆకుపచ్చ. దీనికి ఊదా అన్న మాటే లేదు. ఒక కన్ను రంగు ఊడిపోయింది, తోక చిరిగితే నల్లదారంతో కుట్టారు, కింద హవాయి చెప్పులు కనిపిస్తున్నాయి. వెనకాల స్పీకర్‌లో తీన్‌మార్ పాట. మా తమ్ముడు దాన్ని చూసి, బొమ్మని తీయాలన్నది కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు. పాప కళ్లు తెరిచింది. దాన్ని చూసింది, కుర్చీ వైపు తిరిగి బొమ్మని చూసింది, "అమ్మా, నా బార్నీ ఈడనే ఉండాడు కదా, మరి ఇదెవరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

పది నిమిషాలు కాకముందే లోపలున్న అబ్బాయి హాలు మధ్యలో తల తీసేశాడు. పిల్లలంతా ఒక్కసారిగా ఏడుపు. ఆ అబ్బాయిని నేను ఒక్క మాట కూడా అనను, పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, చెమటతో తడిసి ముద్దయిపోయాడు. ఈ ఎండల్లో ఆ దూది సంచిలో ఎవరికి ఊపిరాడుతుంది? నీళ్లు ఇస్తే గటగటా తాగి, "అక్కా, కోతి వేషమని పిలిచినారు, ఆడికి పోతే ఇది ఇచ్చినారు, నాకేం తెలీదు" అన్నాడు.

వెంటనే ఆ పేజీ ఆయనకి ఫోన్ చేశా. క్షమించమంటాడనుకున్నా. "డైనోసార్ అడిగితిరి, డైనోసార్ పంపిస్తిమి. నాలుగేండ్ల బిడ్డకి రంగులు తెలుస్తాయా మేడమ్? ఏడుస్తాంటే ఒక చాక్లెట్ ఇయ్యండి" అన్నాడు. డబ్బు పోయినందుకు ఇంత బాధ లేదు, ఆ మాటే ఇంకా చెవిలో గింగురుమంటోంది. మా పాపకి బేబీ బాప్ చేతిలోని దుప్పటి పసుపు రంగని కూడా తెలుసు. పిల్లల కోసం పని చేస్తామని డబ్బు తీసుకునేవాళ్లు పిల్లలకి ఏమీ తెలియదనుకుంటే ఎలా? అంతటితో ఆగలేదు, మిగతా 3,500 వేస్తేనే ఆ అబ్బాయిని తీసుకుపోయేందుకు ఆటో పంపిస్తానన్నాడు. చుట్టాలంతా చూస్తున్నారు, ఆ అబ్బాయి మూలన కూర్చుని ఉన్నాడు, గొడవెందుకని 2,000 వేసేశా. వేయకుండా ఉండాల్సింది, ఆ అబ్బాయికే ఆటో డబ్బులిచ్చి పంపించి ఉండాల్సింది. డబ్బు చేరగానే నన్ను బ్లాక్ చేశాడు.

ఎవరైనా ఇలాంటివి బుక్ చేయాలనుకుంటే ముందు రోజు వీడియో కాల్‌లో ఆ వేషం చూపించమనండి. ఎన్ని వేషాలు, ఏ రంగు, ఏ పాటలు అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు. నేను పేమెంట్ స్క్రీన్‌షాట్లు, హాల్లో తీసిన వీడియో పెట్టుకుని 1915, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేస్తున్నా. తోక దగ్గర నల్లదారంతో కుట్టిన ఆ ఆకుపచ్చ డైనోసార్ మీ ఇంటికి కూడా వచ్చి ఉంటే నాకు మెసేజ్ చేయండి, అందరం కలిసి ఇద్దాం.